చుండ్రుకు కడుపులోకి మందెందుకు?

కొబ్బరితోటల ఉద్దానంలో తలకు నూనె రాయని ఇల్లు అరుదు. అయినా చుండ్రుకు కొదవలేదు. ఈ ‘దారుణకాన్ని’ సుశ్రుతుడు క్షుద్రరోగాలలో చేర్చి, కఫవాతాలను కారణంగా చెప్పినాడు. తలలోని జిడ్డుపై బ్రతికే మలసీజియా అనే శిలీంధ్రమే దీనికి మూలమని ఆధునిక శాస్త్రం గుర్తించినది. కనుక నూనెను రోజుల తరబడి తలపై ఉంచరాదు. స్నానానికి అరగంట ముందు రాసి, కుంకుడు రసంతో జిడ్డు పోవునట్లు కడగవలెను. తగ్గనిచో కీటోకొనజోల్ షాంపూ వాడుటలో తప్పులేదు. హోమియో మాత్రలతో తగ్గునని చెప్పుటకు గట్టి ఆధారం లేదు.

నా ఆందోళన వేరొకటి. ‘రక్తశుద్ధి’ పేరిట చుండ్రుకు చూర్ణాలు, భస్మాలు మింగువారున్నారు. సరిగా శుద్ధి కాని పాదరసం, సీసం మూత్రపిండాలను దెబ్బతీయును. ఉద్దానంలో ప్రబలిన కిడ్నీ వ్యాధికి కారణం నేటికీ పూర్తిగా తేలలేదు. తొలిదశలో అది లక్షణాలనూ చూపదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వెలసినదంటే ముప్పెంతటిదో ఊహించవచ్చును. ఆయుర్వేద వైద్యుడనై ఉండియే చెప్పుచున్నాను: పలాస, టెక్కలి ప్రాంతాల సోదరీసోదరులారా, తలమీది పొట్టు కొరకు మూత్రపిండాలను పణంగా పెట్టకండి.