పెరటిలో స్కంక్: కర్ర కన్న తెలివిడి మేలు

అమెరికాలో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి ఏదో ఒక వేసవి రాత్రి పెరటిలో వింత జంతువు కనిపిస్తుంది. పిల్లి పరిమాణం, నల్లని ఒళ్ళు, వీపుపై రెండు తెల్లని చారలు, కుచ్చుతోక. పిల్లలు పిల్లియనుకొని దగ్గరకు పోబోతారు. పెద్దలు కర్ర కోసం వెదకుతారు. రెండూ పొరపాటే. ఆ జంతువు స్కంక్.

స్కంక్ కయ్యానికి కాలుదువ్వే ప్రాణి కాదు. రాత్రివేళ పచ్చికలోని పురుగులను, ఎలుకలను తిని పోతుంది. బెదిరినప్పుడు ముందుకాళ్ళతో నేలను తట్టి, తోకనెత్తి హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను లక్ష్యపెట్టని వారిపైననే తోక క్రింది గ్రంథుల నుండి ద్రవాన్ని చిమ్ముతుంది. సుమారు 3 మీటర్ల వరకు దాని గురి తప్పదు. చప్పుడు చేయక వెనుకకు తగ్గితే దాని దారిన అది పోతుంది.

ఆ దుర్వాసనకు మూలం థయోల్స్ అనే గంధక సమ్మేళనాలు. ఆ ద్రవంలో థయోఅసిటేట్లు కూడ ఉన్నవని 1990లో రసాయనశాస్త్రజ్ఞుడు విలియం వుడ్ వెల్లడించాడు. ఇవి నీటితో కలిసి మెల్లగా థయోల్స్‌గా మారుతాయి. కడిగిన కుక్క మరల తడిసినప్పుడు వాసన తిరిగి రావడానికి కారణమిదే.

టమాటా రసంతో కడగమనే సలహా వ్యర్థం. ముక్కు అలవాటుపడి వాసన పోయినట్లు తోస్తుందే గాని, నిజానికి పోదు. 1993లో పాల్ క్రెబామ్ అనే రసాయనశాస్త్రజ్ఞుని ఉపాయం వెలుగుచూసింది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ సుమారు 1 లీటరు, వంటసోడా పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవసబ్బు 1 లేక 2 చెంచాలు కలిపి, కుక్క కళ్ళలో పడకుండ పట్టించి, 5 నిమిషాల తరువాత కడగాలి. థయోల్స్ ఆక్సీకరణం చెంది వాసన లేని పదార్థాలుగా మారుతాయి. మిగిలిన ద్రవాన్ని పారబోయాలి. సీసాలో మూసి ఉంచితే ఆక్సిజన్ పేరుకొని సీసా పగలవచ్చు.

పసిపిల్లలున్న ఇంట ఇటువంటి జంతువును సహించడమెందుకని కొందరు తల్లిదండ్రుల వాదం. వారి భయం నిరాధారం కాదు. స్కంక్‌లకు రేబీస్ సోకుతుంది. తడబడుతూ నడిచే, జంకు లేక మీదకు వచ్చే జంతువు కనబడితే స్థానిక జంతు నియంత్రణాధికారులకు తెలపాలి. కరిస్తే గాయాన్ని వెంటనే సబ్బునీటితో బాగుగా కడిగి వైద్యుని చూడాలి. పిచ్చికుక్క కాటు ఎంత ప్రమాదమో ఎరిగిన తెలుగువారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. అయినా విషం పెట్టడం దీనికి పరిష్కారం కాదు. ఆ విషం ఇంటి కుక్కకో, పసిబిడ్డకో చేరవచ్చు. మూతలేని చెత్తడబ్బా, బయట వదలిన కుక్క తిండి ఉన్నంతకాలం ఒకటి పోతే మరొకటి వస్తుంది.

పునుగుపిల్లి గ్రంథుల తైలాన్ని తిరుమల శ్రీవారి సేవలో వినియోగించే సంప్రదాయం తెలుగువారిది. ఒక ప్రాణి గంధాన్ని దేవునికర్పించే వారు మరొక ప్రాణిని వాసన చూసి ద్వేషించడం తగదు. కర్ర వెదికే తండ్రిని చూసి పిల్లలు కర్రనే నేర్చుకొంటారు. తెలిసి తప్పుకొనే తండ్రిని చూసి వివేకం నేర్చుకొంటారు.