చూచుటలో మర్యాద

దర్శి ప్రాంతమున పొలము దున్నునపుడు నాగలి వెంట, నేడు ట్రాక్టరు వెంట, తెల్లకొంగలు నడచుచుండును. దున్నువాడు తన పని తాను చేసికొనునంతసేపు అవి బెదరవు, పట్టబోయినచో ఎగిరిపోవును. సముద్రమున మునిగి మోలా యను మహామత్స్యమును చూడగోరువారికిని ఈ నీతియే వర్తించును.

లాటిను భాషలో 'మోలా' యనగా తిరుగలిరాయి. తోక తెగినట్లు గుండ్రముగా నుండుటచే ఈ చేపకు ఆ పేరు కలిగినది. 2021లో అజోర్సు దీవుల చెంత చనిపోయి తేలిన మోలా యొకటి 2,744 కిలోగ్రాములు తూగినది.

ఇండోనేషియాలోని నూసా పెనీడా దీవి చెంత, జూలై మొదలు అక్టోబరు వరకు, అడుగునుండి చల్లని నీరు పైకుబుకును. అపుడు మోలాలు పగడపు దిబ్బలకడకు వచ్చి నిశ్చలముగా నిలుచును. చిన్నచేపలు వాని మేని పురుగులను ఏరి తినును. గాలితొట్లు వీపున దాల్చి మునుగువారికి వాని దర్శనము లభించునది అప్పుడే.

కొందరు తొందరపడి చేప మీదికే పోవుదురు. అది బెదరి, పురుగులు వదలకమునుపే లోతునకు మరలిపోవును. "రుసుము చెల్లించితిమి గదా, దగ్గరగా చూడరాదా?" యని వారందురు. రుసుము చెల్లినది పడవవానికి, చేపకు ముట్టినదేమి?

అట్లని మునుగుటయే మాన్పింపవలెననుట తగదు. వలలో చచ్చిన చేపను చూచుటకంటె నీటిలో జీవించు చేపను చూచుట మేలు. కన్నులార చూచినవానికే దానిని కాపాడవలెనను తలంపు కలుగును. కాని దూరమున నిలువవలెను, తాకరాదు, అదియే సమీపించువరకు వేచియుండవలెను.

గట్టున కూర్చుండి కొంగలను చూచు బాలునకు ఈ ఓర్పు క్రొత్తది కాదు. సముద్రమునకు పోవునపుడు దానిని వెంట గొనిపోయిన చాలును.