వానను అమ్మినవాళ్లు

హంగరీ దేశంలో తిస్సా నది ఒడ్డున సెగెడ్ అనే ఊరుంది. 1728కి ముందు అక్కడ వానలు లేక పంటలు పోయాయి. మంత్రగాళ్లు కొందరు మన వానను తురుష్కులకు అమ్మేశారని పుకారు పుట్టింది. నాబోటి బ్యాంకు ఉద్యోగి అయితే ముందు రసీదు చూపించమంటాడు. అక్కడ అలా అడిగినవాడు లేడు.

అనుమానం వచ్చినవాళ్లను కాళ్లూ చేతులూ కట్టి నీళ్లలో పడేశారు. తేలితే దోషి, మునిగితే నిర్దోషి! తక్కెడలో కూడా తూచారు. తేలిగ్గా తూగితే మంత్రగత్తే. ఆపైన చిత్రహింసలు పెట్టి నేరం ఒప్పించారు. జూలై 23న ఆడా మగా కలిపి పదిమందికి పైగా సజీవదహనం చేశారు. వారిలో ఎనభై దాటిన డానియెల్ రోజా ఒకప్పుడు ఆ ఊరికే న్యాయాధికారి. ఆ చోటును ఇప్పటికీ ‘మంత్రగత్తెల దీవి’ అంటారు.

విచిత్రమేమంటే, అంతకు ఆరువందల ఏళ్ల ముందే కాల్మాన్ రాజు (1095–1116) ‘స్ట్రిగా’ అనే మంత్రగత్తెలు లేనే లేరనీ, వారిమీద విచారణ వద్దనీ శాసనం చేశాడు. అది పుస్తకంలోనే ఉండిపోయింది. 1756లో మరియా థెరీసా రాణి, శిక్ష అమలు చేసేముందు ఇలాంటి కేసుల కాగితాలు పైవారికి పంపాలని ఆజ్ఞాపించింది. ఊరి కోపం అంటని మనిషి కాగితం చదవడం మొదలయ్యాక మంటలు తగ్గాయి.

మనం ఉంటున్న ఒడిశాలో, మహారాష్ట్రలో కూడా 2013లో ఇటువంటి దురాగతాల మీద చట్టాలు వచ్చాయి. సంతోషమే. కాని వీధిలో ఒక ముసలమ్మ మీద పుకారు పుట్టిననాడు, రుజువేదీ అని మొదట అడగవలసింది పక్కింటివాళ్లమే.