గడియ లేని తలుపు

మంచిర్యాల రైల్వేస్టేషనులో కాజీపేట వైపునకో బల్లార్షా వైపునకో బండికై వేచియుండు జనమును చూచినవారికి, నేడు చేతిలో ఫోను లేనివాడు అరుదని వేఱుగ చెప్పనక్కఱలేదు. శ్రీరాంపూరు, మందమర్రి గనులలో చెమటోడ్చు కార్మికుని జీతపు ఖాతా, పదవి విరమించిన వృద్ధుని పింఛను, వర్తకుని లెక్కలు, ఇంటివారి ఛాయాచిత్రములు, సర్వమును ఆ చిన్న పలకలోనే యిమిడియున్నవి. మనము మాటలాడునపుడే కాదు, జేబులో నిద్రించుచున్నట్లు తోచునపుడును అది వైఫై, బ్లూటూత్ అను నిస్తంత్రీ మార్గములచే చుట్టుపట్ల యంత్రములను పలుకరించుచునే యుండును. ఈ సంగతి ఎందఱెఱుగుదురు?

1942లో ఉషా మెహతా మొదలగు దేశభక్తులు బొంబాయిలో రహస్యముగా నడపిన కాంగ్రెసు రేడియో, పోలీసుల కంటబడకుండుటకై ఇంటి నుండి ఇంటికి తరలుచుండెను. ఆగస్టు 27న మొదలైన ఆ వాణి నవంబరు 12న పట్టుబడెను. గాలిలోనికి విడిచిన తరంగము విడిచినవాని జాడను గూడ తెలుపునని వారెఱుగుదురు. నేడు ఇంటింట అట్టి యంత్రమే యున్నది గాని, ఆ ఎఱుక మాత్రము లేదు.

వైఫై మాట మొదట చూతము. ఒకసారి కలిసిన వైఫై పేరును ఫోను గుర్తుంచుకొని, మరల ఆ పేరు కనబడగానే మనల నడుగకయే కలియజూచును. సంకేతపదము లేని బహిరంగ వైఫై అయినచో మోసగానికి పని మఱియు సులభము. అతడు అదే పేరుతో తన యంత్రమును తెఱచి కూర్చుండిన చాలును. ఫోను పేరును చూచునే కాని, పేరు పెట్టినవానిని చూడదు. ఇంటి వైఫైకి తాళము లేకున్నను ముప్పే. 2008 జూలై 26న అహమ్మదాబాదు ప్రేలుళ్లకు కొన్ని నిమిషములకు ముందు వెలువడిన బెదిరింపు లేఖ, నవీ ముంబయిలో కాపురమున్న ఒక విదేశీయుని వైఫై ద్వారా పోయినదని తేలినది. పోలీసులు మొదట ఆయన గుమ్మమే త్రొక్కిరి.

అట్లని లేనిపోని భయమును కల్పించుట మా యుద్దేశము కాదు. బ్యాంకుల యాప్‌లు తమ సమాచారమును గూఢలిపిలోనే పంపుచున్నవి. పొరుగున కూర్చున్నవాడు దానిని ఊరక చదువజాలడు. బూటకపు పుటను చూపి మనచేతనే సంకేతపదమును వ్రాయించుకొనుట అతనికి సులువైన దారి. మాయమాటలు చెప్పి ఓటీపీ లాగుకొను ఫోనుదొంగలే నేటికిని ప్రధాన శత్రువులు. సొమ్ము పోయిన క్షణముననే 1930కి ఫోను చేయవలెను.

అయితే జాగ్రత్తపరుని గూడ రక్షింపని లోపము లున్నవి. 2023 డిసెంబరులో మార్క్ న్యూలిన్ అను పరిశోధకుడు బ్లూటూత్‌లో నొక లోపమును వెల్లడించెను. సమీపముననున్న దుష్టుడు తన యంత్రమును కీబోర్డుగా నటింపజేసి, యజమాని సమ్మతి లేకయే ఫోనుతో జతకూర్చి, తన యిచ్చవచ్చిన మీటలు నొక్కగలడు. ఆండ్రాయిడ్ ఫోనులలో బ్లూటూత్ తెఱచియుండుటయే ఇందుకు చాలును. ఆండ్రాయిడ్ 11 మొదలు 14 వఱకు గల వానికి సవరణ వెలువడినది. 10కిని, అంతకు పూర్వపు వానికిని సవరణ లేదు!

అన్యాయమెల్ల ఇచ్చటనే యున్నది. క్రొత్త ఫోనులను ఏటేట కొనగలవానికి సవరణ లభించును. అన్న వాడి విడిచిన ఫోనును వాడుకొను తమ్మునికి, అంగడిలో పాత సరుకు కొన్న కూలివానికి తలుపు తెఱచియే యుండును. ఇది వాని యజ్ఞానము కాదు, తయారీదారుల నిర్లక్ష్యము. పని లేనపుడు బ్లూటూత్ ఆర్పుడని, పాత వైఫై పేర్లను తొలగింపుడని మేమును చెప్పుచున్నాము. కాని ఎల్లకాలము ఆ భారమును కొనుగోలుదారుని భుజముననే మోపుట తగునా?

భద్రతా సవరణలు కనీసమెంతకాలము ఇత్తురో ముందే తెలుపవలెనని బ్రిటనులో 2024 ఏప్రిల్ 29 నుండి శాసనము అమలులోనున్నది. ఐరోపా సమాఖ్య మఱియొక యడుగు ముందునకు వేసి, విక్రయము ముగిసిన పిదప ఐదేండ్ల వఱకైనను ఫోనులకు సవరణలు అందవలెనని 2025 జూన్ 20 నుండి నిర్బంధించినది. అదే కంపెనీ, అదే ఫోను. లండనువానికి గల హక్కు లక్సెట్టిపేటవానికి ఏల యుండరాదు? 2011 నాటి నిబంధనల ననుసరించి మన పెట్టెలపై గరిష్ఠ విక్రయ ధర ముద్రితమగుచున్నది గదా. దాని ప్రక్కనే భద్రతా సవరణలు నిలిచిపోవు తేదీని గూడ అచ్చు వేయింపవలెనని కేంద్ర ప్రభుత్వమువారిని, ఈ ప్రాంతపు పార్లమెంటు సభ్యులను గట్టిగ అడుగుచున్నాము. అంతవఱకు ఫోను కొనబోవు ప్రతివాడును ధర విచారించిన నోటితోనే ఆ తేదీని దుకాణదారు నడుగవలెను. అతడు చెప్పలేకపోయినచో, కంపెనీవారికి వ్రాసి తెప్పింపుమని నిలబడవలెను.