తిరునాళ్లకైతే వెళ్లొచ్చు, కచేరీకి వద్దా?

ఆడవాళ్లకి పాట కావాలంటే వంటింట్లో ఫోనుందిగా, అంత దూరం పోయి వినాలా? ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఎడ్ షీరన్ కచేరీకి మా అమ్మాయితో పాటు నేనూ వెళ్తున్నానని చెప్పిన రోజు నుంచి కనీసం పది మంది నోట విన్నాను. అమ్మాయి వెళ్తుందంటే "కాలం మారిందిలే" అని సరిపెట్టుకున్నారు. విజయపురి సౌత్ నుంచి నేను కూడా బయల్దేరతాననేసరికి "ఈ వయసులో నీకెందుకమ్మా ఆ కేకలు?" అన్నారు.

మరి మన కోటప్పకొండ మాటేమిటి? మహాశివరాత్రికి రాత్రంతా ప్రభల దగ్గరే ఉంటాం. చెవులు చిల్లులు పడే మైకులు, కరెంటు దీపాలు, స్టేజీల మీద డాన్సులు, ఇసుక వేస్తే రాలని జనం. చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ వెళ్తాం. ఎందుకెళ్లావని ఒక్కరూ అడగరు. అది పుణ్యం ఖాతాలో పడుతుంది కాబట్టి. గుడికనో, పెళ్లికనో, పేరంటానికనో చెబితే అర్ధరాత్రి దాటి ఇల్లు చేరినా తప్పు లేదు. ఊరికే, నాకు ఇష్టమై వెళ్తున్నానంటేనే తప్పు. మన సరదాకి ఎప్పుడూ పక్కన ఒక దేవుడో, ఒక చుట్టమో సాక్షిగా నిలబడాలి.

ఫోనులో విన్నదే కదా అంటారా? కాదు. ఇన్నాళ్లూ ఆ పాటల వెనక పెద్ద బ్యాండు ఉందనుకున్నాను. చూస్తే చాలా పాటలకి మనిషి ఒక్కడే, చేతిలో గిటారు, కాళ్ల దగ్గర ఒక లూప్ యంత్రం. గిటారు చెక్క మీద చేత్తో తడతాడు, కాలితో మీట నొక్కుతాడు, ఆ దరువు తిరిగి తిరిగి మోగుతూనే ఉంటుంది. దాని మీద తీగ మీటు, దాని మీద ఒక రాగం, ఒకదాని మీద ఒకటి అప్పటికప్పుడు పేర్చుకుంటూ పోతాడు. అంతా నిలబడ్డాక మెత్తగా పాడతాడు, ఉన్నట్టుండి గుక్క తిప్పుకోకుండా ర్యాప్ అందుకుంటాడు. తప్పు పోతే అక్కడే, అందరి ముందే పోతుంది. ఆ భయం ఫోనులో వినపడదు.

ఆ గబగబా మాటలు పాటెలా అవుతాయన్నారు మా చుట్టాలాయన ఒకరు. కారంపూడి వీరుల తిరునాళ్లలో వీరవిద్యావంతులు పల్నాటి కథ చెబుతుంటే ఎక్కడ మాట ఆగి ఎక్కడ పాట మొదలైందో ఆయన్ని చెప్పమనండి. దరువు మీద మాటని పరిగెత్తించడం మనకి కొత్తా?

డబ్బు సంగతికొద్దాం. రెండు టికెట్లూ నా చీటీ డబ్బుతో కొన్నాను. సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గర ఒక్క పూటలో అంతకు రెట్టింపు పోగొట్టుకొచ్చిన మగవాళ్లని లెక్క అడిగే నోరు ఇంట్లో ఎవరికీ ఉండదు. మా రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండకి వెళ్తే ఇక్ష్వాకుల కథ ఉంది. వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి ఇచ్చిన దానాలు 1700 ఏళ్ల నాటి శాసనాల్లో ఆమె పేరు మీదే చెక్కి ఉన్నాయి. ఆమెనెవరు లెక్క అడిగారో గాని, నన్ను మాత్రం మా వీధంతా అడిగింది.

ఇక అందరూ చివరికి తీసే మాట, జనం తొక్కిసలాట. 2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్‌లో పుష్ప 2 ప్రీమియర్ దగ్గర ఒక తల్లి నలిగి చనిపోయింది, కొడుకు ఆసుపత్రి పాలయ్యాడు. "పిల్లల్నేసుకుని అంత రాత్రి సినిమాకెందుకెళ్లింది?" అన్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు, అందులో ఆడవాళ్లూ ఉన్నారు. ఎంత ఘోరమైన మాట! ఆరు నెలలకి, 2025 జూన్ 4న, బెంగళూరులో క్రికెట్ సంబరాల దగ్గర 11 మంది చనిపోయారు. అప్పుడు మాత్రం గేట్లెవరు మూశారు, పోలీసులెక్కడ, అనుమతి ఎవరిచ్చారు అని సరైన ప్రశ్నలే అడిగారు. తల్లి చనిపోతే ఆమె ఆశని ఎందుకు తప్పు పట్టాలి?

భయం నాకూ ఉంది. ఆడపిల్లతో వెళ్లేదాన్ని, లేకుండా ఎలా ఉంటుంది? అందుకే నేనడిగేది వేరే. బయటికి పోయే దారులు ఎన్ని? ఆడవాళ్ల బాత్రూముల దగ్గర వెలుతురుందా? తాగే నీళ్లు దొరుకుతాయా? ఆట అయిపోయాక బస్సుందా? టికెట్ కొనేముందు ఇవి అడగండి, అడిగేలా మీ పిల్లలకీ నేర్పండి. ఇంట్లో కూర్చోమని చెప్పేవాళ్లు ఈ నాలుగింటిలో ఒక్కటీ అడగరు, గమనించారా?

అన్నట్టు, కాలిఫోర్నియాలో పుట్టి, కూచిపూడి నేర్చుకుని, ర్యాప్ పాడే మన తెలుగమ్మాయి ఒకామె ఉంది, రాజకుమారి. అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు. ఆమె మన వైపు కచేరీ పెడితే నేను వెళ్తాను. మా అమ్మాయికి పరీక్షలుంటే ఒక్కదాన్నే వెళ్తాను. ఇంకో చీటీ కడుతున్నాను.