సైన్యాన్ని పంపే అధికారం ఎవరిది?

భారత రాజ్యాంగంలో యుద్ధాధికారం ఏ ఒక్కరి సొత్తూ కాదు. 53వ అధికరణ త్రివిధ దళాల సర్వాధిపత్యాన్ని రాష్ట్రపతికి అప్పగిస్తూనే, దాని వినియోగం చట్టానికి లోబడి ఉండాలని చెప్పింది. 74వ అధికరణ ప్రకారం రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకే నడుచుకోవాలి. యుద్ధం, శాంతి కేంద్ర జాబితాలో 15వ అంశం కనుక వాటిపై చట్టం చేసే హక్కు పార్లమెంటుది. ఖర్చుకు అనుమతించేదీ అదే.

ఈ మూడు పీఠాలతోనూ నంద్యాలకు అనుబంధం ఉంది. 1977 మార్చిలో ఇక్కడ గెలిచిన నీలం సంజీవరెడ్డి ముందు లోక్‌సభ స్పీకర్, జులైలో రాష్ట్రపతి అయ్యారు. 1991 జూన్‌లో ప్రధాని పదవి చేపట్టేనాటికి పి.వి. నరసింహారావు ఏ సభలోనూ సభ్యులు కారు. ఆళ్లగడ్డ ప్రాంత నేత గంగుల ప్రతాపరెడ్డి ఖాళీ చేసిన నంద్యాల స్థానం నుంచే ఆయన లోక్‌సభకు వెళ్లారు. 1993 మార్చి నుంచి రక్షణ శాఖనూ తన వద్దే ఉంచుకున్నారు.

మంత్రిమండలికి, పార్లమెంటుకు మధ్య ముఖ్యమైన హద్దు గీసింది 44వ సవరణ. 1975 జూన్ 25 రాత్రి రాష్ట్రపతి అత్యవసర పరిస్థితి ప్రకటనపై సంతకం చేస్తే, మంత్రిమండలికి ఆ సంగతి తెలిసింది మర్నాడు ఉదయం. అలాంటిది మళ్లీ జరగకూడదని తెచ్చిన ఈ సవరణకు 1979 ఏప్రిల్ 30న సంజీవరెడ్డే ఆమోదముద్ర వేశారు. దాని ప్రకారం యుద్ధం, విదేశీ దురాక్రమణ, సాయుధ తిరుగుబాటు కారణాలతోనే అత్యవసర పరిస్థితి విధించాలి. మంత్రిమండలి నిర్ణయం రాతపూర్వకంగా అందాలి. నెలలోగా ఉభయ సభలు ప్రత్యేక మెజారిటీతో ఆమోదించాలి. కొనసాగించాలంటే ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం కావాలి.

సైన్యాన్ని సరిహద్దు దాటించడానికి మాత్రం ఇలాంటి నిబంధన ఏదీ లేదు. 1987 జులై 29న శ్రీలంకతో ఒప్పందం కుదిరిన వెంటనే, పార్లమెంటు ఓటు లేకుండానే శాంతి పరిరక్షక దళం అక్కడికి వెళ్లింది. 1990 మార్చిలో తిరిగొచ్చేలోగా వెయ్యి మందికి పైగా జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. 1999లో కార్గిల్ యుద్ధం నాటికి లోక్‌సభ రద్దయి ఉంది. రాజ్యసభనైనా సమావేశపరచాలని ప్రతిపక్షాలు కోరినా ప్రభుత్వం అంగీకరించలేదు.

అమెరికాలో యుద్ధం ప్రకటించే అధికారం కాంగ్రెస్‌ది, సేనాధిపత్యం అధ్యక్షుడిది. వియత్నాం అనుభవంతో 1973లో నిక్సన్ వీటోను తోసిరాజని కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. సేనలను పోరుకు దింపితే అధ్యక్షుడు 48 గంటల్లో తెలియజేయాలి. అనుమతి రాకపోతే 60 రోజుల్లో విరమించాలి, సురక్షితంగా వెనక్కి రప్పించేందుకు మరో 30 రోజులు. అధ్యక్షులు దాన్ని తరచూ దాటవేసినా, ప్రశ్నించడానికి చట్టమంటూ ఒకటి ఉంది.

భారత్‌కూ అలాంటి చట్టం అవసరం. 53వ అధికరణే అందుకు దారి చూపుతోంది. దాడి జరిగితే తక్షణం తిప్పికొట్టే స్వేచ్ఛ మంత్రిమండలికి ఉండి తీరాలి. విదేశీ గడ్డపైకి సేనలను పంపినప్పుడు మాత్రం నిర్ణీత గడువులో ఉభయ సభలకు తెలియజేయాలి, కొనసాగించాలంటే ఓటు తీసుకోవాలి. అప్పుడు జవాన్ల ప్రాణాలకు నంద్యాల ఎంపీతో సహా ప్రతి సభ్యుడూ తన ఓటుతో బాధ్యత వహిస్తాడు.