వైఫై పోయిందంటే కార్డు పోయినట్టు కాదు

పోస్టు కొంచెం పొడుగుంది. లాప్‌టాప్ ఉన్నోళ్లు, కొనబోయేటోళ్లు చివరిదాకా చదవండి.

మా బాబాయి కొడుకు ఉట్నూరు దగ్గరోడు, వరంగల్‌లో డిగ్రీ చదువుతున్నాడు. పోయిన వారం రాత్రి పదిన్నరకు ఫోన్ చేశాడు. "అన్నా, విండోస్ 11 ఎక్కించిన. పొద్దున చూస్తే వైఫై గుర్తే లేదు. షాపుల చూపిస్తే కార్డు పోయింది, 1,800 అయితది, రేపు తీసుకరా అన్నరు. 500 అడ్వాన్స్ ఇచ్చిన." స్కాలర్‌షిప్ రెన్యువల్‌కు ఇంకా రెండు రోజులే టైముంది. ఆ లాప్‌టాప్ పత్తి అమ్మిన పైసలతో బాబాయి కొనిచ్చిన సెకండ్ హ్యాండ్‌ది.

నాకు కోపం వచ్చింది, షాపతని మీద కాదు. అతను రోజుకు పది చూస్తాడు, కార్డు మారిస్తే పని అయిపోతుంది. కోపం ఎందుకంటే, ముందురోజు దాకా యూట్యూబ్‌లో పాఠాలు చూసిన లాప్‌టాప్‌లో, ఎవరూ విప్పకుండా, కింద పడకుండా, రాత్రికి రాత్రే కార్డు ఎట్లా పోతుందని మా తమ్ముడు ఒక్క మాట అడగలేదు. మనం అడగం. ఇంగ్లిష్ స్క్రీన్ ముందు, కౌంటర్ ముందు తల ఊపి వచ్చేస్తాం. నేనూ ఫస్టియర్‌లో అట్లనే ఊపాను.

అప్‌గ్రేడ్ అయిన వెంటనే వైఫై పోతే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ని. డ్రైవర్ అంటే దుబాసీ. ఆఫీసుకు పోయినప్పుడు మన పెద్దోళ్ల మాటను ఆఫీసర్‌కు తెలుగులో చెప్పే మనిషి ఉంటాడు కదా, అదే పని. కార్డు మాట్లాడేది విండోస్‌కు చెప్తుంది. ఆఫీసర్ మారాడు, కొత్తాయనకు పాత దుబాసీ చెప్పేది అర్థం కాలేదు. అంతమాత్రాన మన పెద్దాయనకు గొంతు పోయిందంటామా?

ఆ రాత్రి ఫోన్‌లోనే చూశాం. గోండిలో మాట్లాడుకుంటూ, మధ్యలో రైట్ క్లిక్, ప్రాపర్టీస్ అని ఇంగ్లిష్ కలుపుకుంటూ. ముందు ఏరోప్లేన్ మోడ్ ఆఫ్‌లో ఉందో లేదో చూడమన్నా. కొన్ని లాప్‌టాప్‌లకు వైఫై మీట కీబోర్డు మీదే ఉంటుంది, చెయ్యి తగిలి ఆగిపోతుంది. తర్వాత షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయమన్నా. మామూలు షట్‌డౌన్ అయితే విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, షిఫ్ట్‌తో చేస్తేనే పూర్తిగా ఆగుతుంది. చాలాసార్లు దీంతోనే తిరిగొస్తుంది. మావాడికి రాలేదు.

అప్పుడు స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరిచాడు. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై పేరు లేదు. కానీ 'అదర్ డివైసెస్' కింద పసుపు గుర్తుతో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని ఉంది. అది వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కార్డు చచ్చిపోతే ఆ లైనే ఉండదు. విండోస్ దాన్ని చూస్తోంది, భాష తెలియక పలకరించలేకపోతోంది, అంతే. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ చూస్తే కార్డు ఎవరిదో తెలుస్తుంది. అక్కడ 8086 అని ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14ఈ4 అయితే బ్రాడ్‌కామ్, 168సీ అయితే క్వాల్‌కామ్ ఎథెరోస్. మావాడిది 10ఈసీ.

ఇక అసలు చిక్కు ఇక్కడే. ఎవరినడిగినా "నెట్‌లో డ్రైవర్ దొరుకుద్ది, వేసుకో" అంటారు. నెట్ లేకనే కదా మొత్తుకుంటున్నది! ఇంట్లో ఇంకో కంప్యూటర్, తీగ కనెక్షన్ ఉన్నోళ్లు రాసుకున్న సలహా అది. హాస్టల్ రూంలో మన దగ్గర ఉండేది ఫోన్ ఒక్కటే. కానీ అది చాలు. ఛార్జింగ్ కేబుల్‌తో ఫోన్‌ను లాప్‌టాప్‌కు కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ దగ్గర యూఎస్‌బీ టెదరింగ్ ఆన్ చేస్తే చాలు, లాప్‌టాప్‌కు నెట్ వస్తుంది, వైఫై కార్డుతో పనే లేదు. కేబుల్ డేటా పోయేదై ఉండాలి, చవక కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కే పనికొస్తాయి. మావాడు పక్క రూమ్‌లో కేబుల్ అడుక్కొచ్చాడు. ఇంకో జాగ్రత్త: కలపగానే సెట్టింగ్స్‌లో ఆ కనెక్షన్‌కు 'మీటర్డ్' ఆన్ చేయండి. లేకపోతే విండోస్ అప్‌డేట్లు మొదలై రోజు డేటా అరగంటలో ఊడ్చుకుపోతుంది. ఫోన్‌కు హాస్టల్ వైఫై దొరుకుతుంటే చాలా ఫోన్లు దాన్నే కేబుల్ ద్వారా లాప్‌టాప్‌కు ఇస్తాయి, మన డేటా ఖర్చు కాదు.

లాప్‌టాప్ కంపెనీ సొంత సైట్‌లో మోడల్ నంబర్ కొట్టి డ్రైవర్ దించుకున్నాడు. దారిలో కనిపించే 'డ్రైవర్ అప్‌డేటర్' సాఫ్ట్‌వేర్ల జోలికి పోవద్దు. పదకొండున్నరకు వైఫై వచ్చింది. 1,800 మిగిలింది, అడ్వాన్స్‌లో 300 మాత్రమే వాపసు వచ్చింది.

పసుపు గుర్తు లేకుండా కార్డు పేరు కనిపిస్తూ కూడా పనిచేయకపోతే, డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్' వెలుగుతోందేమో చూడండి, పాత డ్రైవర్ తిరిగొస్తుంది. కనెక్ట్ అయి నెట్ రాకపోతే ఆ వైఫైని 'ఫర్‌గెట్' కొట్టి మళ్లీ కలపండి. నెట్‌వర్క్ రీసెట్ ఆఖరున, ఎందుకంటే దాచిన పాస్‌వర్డులన్నీ పోతాయి. ఏదీ పనిచేయకపోతే అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల్లోపు రికవరీలో 'గో బ్యాక్' నొక్కి పాత విండోస్‌కు పోవచ్చు. డివైస్ మేనేజర్‌లో అసలు ఏ లైనూ లేకపోతే, అప్పుడు షాపుకు పోండి.

ప్రతిసారీ తప్పు మన లాప్‌టాప్‌దే కాదు కూడా. 2023 డిసెంబర్‌లో ఒక విండోస్ 11 అప్‌డేట్ తర్వాత కాలేజీలు, ఆఫీసుల వైఫైలకు కొన్ని కార్డులు కనెక్ట్ కాలేదు. మైక్రోసాఫ్టే ఒప్పుకుని సరిచేసింది. ఆ రోజుల్లో కార్డు మార్పించుకున్నోళ్లు ఎవరైనా ఉంటే పైసలు దండగే.

"అయితే అప్‌గ్రేడ్ చేయకుంటే పోలా" అని ఒక అన్న మొన్న రాశాడు. నేను ఒప్పుకోను. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. నమోదు చేసుకున్నోళ్లకు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 వరకే. బ్యాంకు పనులు, ఆధార్ పనులు అదే లాప్‌టాప్‌లో చేసే మనం తలుపు తెరిచిపెట్టి పడుకోవద్దు. లైనక్స్‌కు మారమనేటోళ్లదీ మంచి మాటే. కానీ అక్కడా బ్రాడ్‌కామ్ కార్డులకు ఇదే తిప్పలు, మళ్లీ ఇదే కేబుల్. చేయండి, కానీ పరీక్షలు, అప్లికేషన్ల వారంలో చేయకండి. చేసే ముందు రోజు వైఫై డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి.

హాస్టల్‌కు ఒక పెన్‌డ్రైవ్, ఒక డేటా కేబుల్ ఉండాలనేది నా ప్రతిపాదన. సీనియర్లు ఎవరైనా ఒకరు దాచాలి. పైన రాసిందంతా గోండి, కోయ, లంబాడీల్లో వాయిస్ రికార్డు చేస్తే ఇంకా మంచిది. గోండి నేను చేస్తా, మిగతా వాటికి ఎవరు ముందుకొస్తారో చెప్పండి. ఇప్పటికే వైఫై పోయి కూర్చున్నోళ్లు లాప్‌టాప్ మోడల్, ఆ హార్డ్‌వేర్ ఐడీ కింద రాయండి, రాత్రి తొమ్మిది తర్వాత చూస్తా. సీరియల్ నంబర్ మాత్రం ఇక్కడ పెట్టకండి.